ఇంటి లెక్కలు: కారు కొనేముందు కరెంటు బిల్లు తిప్పి చూడండి

పెట్రోలు కారు కిలోమీటరుకి ఏడు రూపాయలు తింటుందట, కరెంటు కారు రూపాయితో పోతుందట! ఈ మాట ఈపాటికి మీ ఇంట్లో కూడా వినపడే ఉంటుంది. మీవారు ఆఫీసులో విని వచ్చి ఉంటారు, లేదా మీ అబ్బాయి ఫోనులో చూపించి ఉంటాడు. పక్కింటివాళ్ల కారు చప్పుడు చెయ్యకుండా పిల్లిలా గేట్లోకి వస్తుంటే మనకీ ముచ్చటేస్తుంది కదూ!

ఆ మాట అబద్ధమేం కాదు. అలాగని పూర్తిగా నిజమూ కాదు. మిగతా నిజం మీ ఇంటి కరెంటు బిల్లులో ఉంది. ఆ బిల్లు ఎలా పెరుగుతుందో మీకు తెలిసినంతగా షోరూములో కుర్రాడికి తెలియదు. అందుకని ఈ లెక్క మనమే వేసుకుందాం. ఒక కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకోండి.

ముందు, కారు ఎంత తింటుందో చూద్దాం. వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టె గంటసేపు వాడితే ఒక యూనిట్టు. మనకి తెలిసిన కొలత ఇదే కాబట్టి పెట్రోలుని కూడా దీంతోనే కొలుద్దాం. ఒక లీటరు పెట్రోలు మండితే వచ్చే వేడి సుమారు 9 యూనిట్లకి సమానం. ఊళ్లో, ట్రాఫిక్కులో తిరిగే చిన్న కారు లీటరుకి 15 కిలోమీటర్లు ఇస్తుందనుకుంటే, వంద కిలోమీటర్లకి ఆరున్నర లీటర్ల పైచిలుకు కావాలి. అంటే దగ్గర దగ్గర 60 యూనిట్లు. అదే సైజు కరెంటు కారు వంద కిలోమీటర్లకి మీ ఇంటి మీటరు మీద తిప్పేది సుమారు 15 యూనిట్లు. ఛార్జింగులో వృథా అయ్యేది కూడా కలిపే చెబుతున్నాను.

ఇంత తేడా ఎందుకంటారా? గ్యాసు పొయ్యి మీద చిన్న గిన్నె పెట్టి పెద్ద మంట పెట్టినప్పుడు ఏమవుతుంది? గిన్నె కంటే ముందు వంటిల్లు వేడెక్కుతుంది, మన మొహం వేడెక్కుతుంది. పెట్రోలు ఇంజనూ అంతే. మండిన పెట్రోల్లో దాదాపు నాలుగో వంతు మాత్రమే చక్రాల దాకా వెళుతుంది. మిగిలిందంతా రేడియేటరు గుండా, సైలెన్సరు గుండా వేడిగా గాల్లో కలిసిపోతుంది. బజారు నుంచి వచ్చాక కారు బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి, మీ డబ్బు ఎలా చల్లారుతోందో తెలుస్తుంది! కరెంటు మోటారులో ఆ బాధ చాలా తక్కువ. పైగా సిగ్నలు దగ్గర ఆగినప్పుడు మోటారు ఆగిపోతుంది. బ్రేకు వేసినప్పుడు ఆ వేగంలో కొంత మళ్లీ కరెంటుగా మారి బ్యాటరీలోకి చేరుతుంది. ఆగుతూ సాగుతూ వెళ్లే ఊరి ప్రయాణాలకే కరెంటు కారు ఎక్కువ కలిసిరావడానికి కారణం ఇదే.

ఇక్కడ ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. ఆ 15 యూనిట్లు మన గోడలోని ప్లగ్గులో పుట్టలేదు. 2024లో మన దేశంలో తయారైన కరెంటులో దాదాపు నాలుగింట మూడు వంతులు బొగ్గుతో వచ్చిందే. బొగ్గు కేంద్రంలో మండే బొగ్గులో మూడో వంతు వేడి మాత్రమే కరెంటు అవుతుంది, తీగెల్లో ఇంకొంత పోతుంది. అంటే అసలు మంట దగ్గర్నుంచి లెక్కేస్తే మన 15 యూనిట్ల కోసం ఎక్కడో 50 యూనిట్ల బొగ్గు మండుతోంది. పెట్రోలు కారు 60కి, దీని 50కి తేడా కొంచెమే! పొగ లెక్క మాత్రం కాస్త మెరుగు. వంద కిలోమీటర్లకి పెట్రోలు కారు పదిహేను కిలోల కార్బన్ డయాక్సైడు వదిలితే, కరెంటు కారు తరఫున విద్యుత్ కేంద్రం వదిలేది పదకొండు పన్నెండు కిలోలు. ఆ పొగ మన పిల్లలు బడికి వెళ్లే వీధిలో కాకుండా ఎక్కడో గొట్టం చివర వస్తుంది. ఆ గొట్టం పక్కనా ఊళ్లున్నాయి, అక్కడా పిల్లలున్నారు. కాబట్టి కరెంటు కారు కొని పుణ్యం మూటగట్టుకున్నామని మురిసిపోవడానికి ఇంకా టైముంది. ఇంటి మీద సోలారు పలకలున్నవాళ్ల సంగతి వేరు. 2024 ఫిబ్రవరిలో మొదలైన సూర్యఘర్ పథకంలో మూడు కిలోవాట్ల పలకలకి 78,000 రూపాయల సబ్సిడీ ప్రకటించారు. మూడు కిలోవాట్లు రోజుకి సుమారు 12 యూనిట్లు ఇస్తాయి. అందులో మూడో వంతు చాలు, ఓ మాదిరిగా తిరిగే కారుకి.

సరే, ఇప్పుడు డబ్బు సంగతి.

మీ కారు నెలకి 800 కిలోమీటర్లు తిరుగుతుందనుకుందాం. ఆఫీసు, స్కూలు, కూరల మార్కెట్టు, అప్పుడప్పుడూ గుడి. 2025లో హైదరాబాదులో పెట్రోలు 107 రూపాయల పైనే ఉండేది, లెక్కకి 108 అనుకోండి. 800 కిలోమీటర్లకి 53 లీటర్లు, అంటే నెలకి 5,760 రూపాయలు. అదే కరెంటు కారైతే 120 యూనిట్లు. యూనిట్టుకి ఎంత? ఇక్కడే "కిలోమీటరుకి రూపాయి" అన్నవాళ్లు తొందరపడతారు. మన ఇళ్లకి కరెంటు ఒకే ధరకి రాదు, మెట్ల మీద వస్తుంది. వాడేకొద్దీ పై మెట్టు ఖరీదు. కారు వచ్చి కూర్చునేది ఎప్పుడూ పై మెట్టు మీదే.

ఇప్పుడు మీ ఇంట్లో 190 యూనిట్లు కాలుతున్నాయనుకోండి. 2022 ఏప్రిల్లో వచ్చిన ధరల ప్రకారం తెలంగాణలో 200 యూనిట్ల లోపు వాడే ఇంటికి మొదటి వంద 3.40 చొప్పున, తర్వాతవి 4.80 చొప్పున పడతాయి. 190కి 772 రూపాయలు. 200 దాటారో, మొదటి యూనిట్టు నుంచే లెక్క మారిపోతుంది. 200 వరకు 5.10, ఆ పైన 300 దాకా 7.70, ఆ తర్వాత 9 రూపాయలు. కారుతో కలిపి 310 యూనిట్లయితే బిల్లు 1,880. అంటే కారు తిన్నది 1,108 రూపాయలు, యూనిట్టుకి తొమ్మిది రూపాయల పైమాటే! ఆంధ్రప్రదేశ్‌లో మెట్లు వేరు. అక్కడ కింది మెట్ల ధర మారదు. కాబట్టి అదే 190 నుంచి 310కి వెళితే పెరిగేది 954 రూపాయలు, యూనిట్టుకి ఎనిమిది లోపు. ఫిక్స్‌డ్ ఛార్జీలు, సర్దుబాటు ఛార్జీలు ఇందులో కలపలేదు, అవి అదనం. మీ బిల్లు మీద ఉన్న తాజా ధరలతో ఒకసారి మీరే వేసి చూసుకోండి.

అయినా 5,760 ఎక్కడ, 1,108 ఎక్కడ! నెలకి 4,650 రూపాయల మిగులు. కిలోమీటరుకి రూపాయి కాదు, రూపాయి నలభై పైసలు, అంతే. ఎండాకాలంలో రెండు ఏసీలు నడిచి బిల్లు 400 దాటిపోయినా రెండు రాష్ట్రాల్లోనూ పై మెట్టు పది రూపాయల లోపే, కాబట్టి కారు కరెంటు 1,200 మించదు. మెట్టు ఎక్కుతుందని భయపడి కరెంటు కారుని కాదనుకోనక్కర్లేదు.

తక్కువ తిరిగే ఇంటి సంగతి చూడండి. మీవారు మెట్రోలోనో బస్సులోనో వెళతారు, కారు ఆదివారాలకీ పెళ్లిళ్లకీ మాత్రమే. నెలకి 300 కిలోమీటర్లు. పెట్రోలు 2,160 రూపాయలు. కరెంటు 45 యూనిట్లే. కానీ తెలంగాణలో అదే 190 నుంచి 235కి వెళ్లడంతో 200 గీత దాటిపోయి బిల్లు 772 నుంచి 1,290కి ఎగురుతుంది. 45 యూనిట్లకి 518 రూపాయలు! యూనిట్టు పదకొండున్నర. అప్పటికే 200 దాటి వాడుతున్న ఇంటికైతే ఈ దెబ్బ తగలదు, అవే 45 యూనిట్లు 350 రూపాయలకి వస్తాయి. మార్చి 2024 నుంచి గృహజ్యోతి కింద 200 యూనిట్ల దాకా ఉచితం పొందుతున్న ఇళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. గీత దాటిన నెల బిల్లు మొత్తం కట్టాల్సిందే. ఆ ఇళ్లలో కారు లేకపోవచ్చు, కరెంటు స్కూటరు ఉండొచ్చుగా!

ఇక కారు ధర. ఒకే కంపెనీ, ఒకే మోడలు, గేర్లు మార్చే పని లేని పెట్రోలు కారు పక్కన అదే కరెంటు కారుని పెట్టి అడగండి. గేర్ల పెట్రోలు కారుతో పోల్చి చెబితే ఒప్పుకోకండి, అది ఉల్లిపాయల ధర చెప్పి వెల్లుల్లి తూచినట్టు. చిన్న కార్లలో షోరూము ధరలో తేడా రెండున్నర లక్షలు అనుకుందాం. కరెంటు కార్ల మీద 2019 ఆగస్టు నుంచి జీఎస్టీ 5 శాతమే. చిన్న పెట్రోలు కార్ల మీద 28 శాతం, ఆపైన సెస్సు ఉండేది. దాన్ని 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతానికి దించారు. పెట్రోలు కారు చవకై తేడా పెరిగింది. అంతకుముందు ఎవరైనా వేసిచ్చిన లెక్క మీ దగ్గరుంటే చింపి పారెయ్యండి.

తెలంగాణలో ఒక ఊరట ఉంది. 2024 నవంబరు 18 నుంచి 2026 డిసెంబరు 31 వరకు కరెంటు బళ్లకి రోడ్డు ట్యాక్సు, రిజిస్ట్రేషను ఫీజు లేవని ప్రభుత్వం ప్రకటించింది. ఏడు లక్షల పెట్రోలు కారుకైతే జీవితపన్ను దాదాపు లక్ష రూపాయలు అవుతుంది. అంటే తేడా లక్షన్నరకి దిగినట్టే. ఆంధ్రావాళ్లు, ఆ గడువు దాటాక కొనేవాళ్లు, డబ్బు కట్టే ముందు రవాణా ఆఫీసులో అడిగి తెలుసుకోవాలి. ఇంకో సంగతి. కరెంటు కారు అప్పు మీద కట్టే వడ్డీకి లక్షన్నర దాకా ఆదాయపు పన్ను మినహాయింపు ఉందని మీ మరిదిగారో బావగారో చెప్పొచ్చు. అది 2023 మార్చి 31లోపు మంజూరైన అప్పులకి మాత్రమే.

ఇప్పుడు కలిపి చూడండి. లక్షన్నర అదనంగా పెట్టారు. నెలకి 800 కిలోమీటర్లు తిరిగే ఇంటికి ఏడాదికి 55 వేల పైన మిగులుతుంది కాబట్టి మూడేళ్ల లోపే ఆ డబ్బు తిరిగొస్తుంది. 300 కిలోమీటర్ల ఇంటికి ఏడాదికి మిగిలేది 20 వేల లోపు. తిరిగి రావడానికి ఏడున్నరేళ్లు. చాలా కరెంటు కార్ల బ్యాటరీకి కంపెనీ ఇచ్చే వారంటీ ఎంతో తెలుసా? ఎనిమిదేళ్లు, లేదా లక్షా అరవై వేల కిలోమీటర్లు. అంటే మీ డబ్బు మీ చేతికి వచ్చేసరికి వారంటీ గడప దాటబోతుంది! కారు ధరలో పెద్ద వాటా బ్యాటరీదేనని మరవకండి. రోడ్డు ట్యాక్సు మినహాయింపు లేకపోతే, రెండున్నర లక్షలకీ ఈ ఇంటికి పన్నెండేళ్ల పైనే పడుతుంది. అప్పు చేసి కొంటే ఇంకా ఎక్కువ. రెండున్నర లక్షలు తొమ్మిది శాతం వడ్డీకి అయిదేళ్లకి తీసుకుంటే నెలకి 5,190 వాయిదా. పెట్రోల్లో నెలకి 1,650 మిగుల్చుకోవడానికి అంత వాయిదా కడతారా? తక్కువ తిరిగే ఇంటికి పెట్రోలు కారే మేలని నా అభిప్రాయం. ఇప్పటికే ఉన్న పాత కారు బాగా నడుస్తుంటే అదే ఇంకా మేలు.

సర్వీసింగులో కరెంటు కారు సుఖం. ఇంజను ఆయిలు, ఆయిలు ఫిల్టరు, స్పార్కు ప్లగ్గులు, క్లచ్చి ప్లేట్లు, ఇవేవీ ఉండవు. బ్రేకులు ఎక్కువకాలం వస్తాయి. టైర్లు మాత్రం త్వరగా అరుగుతాయి, బ్యాటరీ బరువంతా వాటి మీదే కదా. ఇన్సూరెన్సులో థర్డ్ పార్టీ ప్రీమియం కరెంటు కార్లకి తక్కువ. 2022లో నిర్ణయించిన ధరల్లో 1,000 సీసీ లోపు పెట్రోలు కారుకి 2,094 రూపాయలైతే, 30 కిలోవాట్ల లోపు కరెంటు కారుకి 1,780. కానీ సొంత బండికి జరిగే నష్టం మీద కట్టే ప్రీమియం కారు ధరని బట్టి ఉంటుంది కాబట్టి అక్కడ ఎక్కువే కట్టాలి. ఈ రెంటినీ ఒకదానికొకటి చెల్లుపెట్టేశాను, పైసలదాకా వెళ్లదలచుకోలేదు. పాత కారు అమ్మేటప్పుడు మాత్రం పెట్రోలు కారుకే గిరాకీ. మూడేళ్లకోసారి కారు మార్చే అలవాటున్నవాళ్లు ఇది చూసుకోవాలి.

మాటల్లో మాట. బ్యాటరీ కారు కొత్త వింత కాదు, ఒకప్పుడు ఆడవాళ్ల కారుగానే పేరు పడింది. పెట్రోలు కారుని ముందు నిలబడి ఇనుప హ్యాండిలు తిప్పి స్టార్టు చెయ్యాల్సిన రోజులవి. ప్రపంచానికి చవక పెట్రోలు కార్లు అమ్మిన హెన్రీ ఫోర్డుగారి భార్య క్లారా తాను మాత్రం డెట్రాయిట్ ఎలక్ట్రిక్ అనే బ్యాటరీ కారు నడుపుకునేది! 1912లో కాడిలాక్ కారుకి సెల్ఫ్ స్టార్టరు వచ్చాక ఆ ముచ్చట మెల్లగా తగ్గిపోయింది.

మళ్లీ మన ఇంటికి వద్దాం. చిన్న కరెంటు కారుని ఇంట్లో గీజరుకి వాడే 15 యాంపుల ప్లగ్గుతోనే ఛార్జి చెయ్యొచ్చు. 24 యూనిట్ల బ్యాటరీ ఖాళీ నుంచి నిండడానికి ఎనిమిది తొమ్మిది గంటలు పడుతుంది, అంటే రాత్రి పెడితే తెల్లారేసరికి. ఆ తొమ్మిది గంటలూ మూడు కిలోవాట్ల పైన లాగుతూనే ఉంటుంది. మీ మీటరుకి శాంక్షనైన లోడు రెండు కిలోవాట్లే అయితే ముందు దాన్ని పెంచుకోవాలి. ఎర్తింగు సరిగ్గా ఉందో లేదో ఎలక్ట్రీషియన్ చేత చూపించండి. ఎక్స్‌టెన్షన్ బోర్డు మాత్రం వద్దే వద్దు. గీజరు, మిక్సీ, కారు ఒకే వైరు మీద పెడితే వైరు కాలుతుంది. అపార్టుమెంటులో ఉన్నవాళ్లు మీ మీటరు నుంచి మీ పార్కింగు దాకా వైరు రావడానికి అసోసియేషన్‌తో ముందే మాట్లాడుకోండి. ఇంటి కనెక్షను మీదే కారు ఛార్జి చేసుకోవచ్చని 2024 సెప్టెంబరులో కేంద్ర విద్యుత్ శాఖ ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉంది, ఎవరైనా అభ్యంతరం పెడితే చూపించండి. ఇంట్లో ప్లగ్గు పెట్టుకునే వీలే లేకపోతే? బయటి ఛార్జింగు స్టేషన్లలో యూనిట్టు పదిహేను నుంచి పాతిక దాకా ఉంటుంది. అప్పుడు నేను పైన చూపించిన మిగులు కొంత కరిగిపోతుంది. అలాంటివాళ్లకి నేనైతే కరెంటు కారు చెప్పను.

సంక్రాంతి ప్రయాణం సంగతీ ఆలోచించండి. 24 యూనిట్ల బ్యాటరీతో ఏసీ వేసుకుని వెళితే 180 కిలోమీటర్లు వస్తే గొప్ప. హైదరాబాదు నుంచి విజయవాడ 270 కిలోమీటర్ల పైన. దారిలో సూర్యాపేట దగ్గర టిఫినుకి ఆగినప్పుడు కారుకీ పెట్టాలి. మామూలు రోజుల్లో ఫరవాలేదు. పండగ ముందురోజు టోల్‌గేటు దగ్గర ఎంత క్యూ ఉంటుందో ఛార్జరు దగ్గరా అంతే ఉంటే, వెనక సీట్లో పసిపిల్లలతో మీరే కూర్చోవాలి మరి!

ఇక చివరిది, ఇళ్లలో ఎవరూ పైకి అనని సంగతి. పెట్రోలు ఎవరు కొట్టిస్తారు? చాలా ఇళ్లలో మీవారే, ఆయన జేబులోంచో కార్డు మీదో. కరెంటు బిల్లు ఎవరు కడతారు? ఇంటిఖర్చుకి మీ చేతికిచ్చిన డబ్బులోంచి మీరు. కరెంటు కారు వచ్చిన నెల ఆయన జేబులో 5,760 మిగులుతుంది, మీ బిల్లు 1,100 పెరుగుతుంది. "ఏంటోయ్, ఈమధ్య కరెంటు మరీ ఎక్కువ వాడేస్తున్నావ్!" అన్న మాట కూడా మీకే వస్తుంది. గ్రైండరు మానేసి, గీజరు ఆపేసి బిల్లు తగ్గించాలని చూస్తారు. తప్పు గ్రైండరుది కాదు కదా!

దీనికో చిన్న ఉపాయం. కారు ప్లగ్గు దగ్గర విడిగా ఒక సబ్ మీటరు పెట్టించండి. వెయ్యి రూపాయల లోపు దొరుకుతుంది. కారు ఎన్ని యూనిట్లు తిన్నదో విడిగా కనబడుతుంది. షోరూముకి వెళ్లే ముందురోజే మీవారితో మాట అనుకోండి: నెలాఖరుకి సబ్ మీటరు చూసి, కారు కరెంటు డబ్బు పాత పెట్రోలు డబ్బులోంచి మీ చేతికి రావాలి. పెట్రోల్లో మిగిలిన దాంట్లో సగం కారు వాయిదాకో, టైర్లకో, ముందుముందు బ్యాటరీకో బ్యాంకులో విడిగా పడాలి. మిగతా సగం ఎక్కడ పడాలో మీ పోపుల డబ్బాకి నేను చెప్పక్కర్లేదు.